గోడ దాటి వచ్చిన కొమ్మ: మన హక్కు ఎంతవరకు?

ప్రశ్న: పక్కింటివాళ్ల చెట్టు మా ప్రహరీ గోడను ఆనుకుని ఉంది. సగం కొమ్మలు మా వైపే వచ్చాయి. ఆకులు రాలి డాబా మీది నీళ్ల గొట్టం పూడిపోతోంది. గోడ ఒకచోట బీట తీసింది. పిల్లలు ఆడుకునే చోటుకి సరిగ్గా పైన పెద్ద ఎండు కొమ్మ ఒకటి ఉంది. మా ఆయన రెండుసార్లు వెళ్లి చెప్పారు. రెండోసారి మాటా మాటా పెరిగి, "చెట్టు మీద చెయ్యి వేస్తే కేసు పెడతా" అన్నారు పక్కింటాయన. అప్పటినుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు. ఇప్పుడు మా ఆయన చెట్టు వేళ్లలో పోసేస్తానని యాసిడ్ సీసా తెచ్చి పెట్టారు. పక్కింటి అక్క నాకు సొంత అక్కలాంటిది. ఆమెతో మాట్లాడితే మా ఆయనకు కోపం, మాట్లాడకపోతే నాకు నిద్ర పట్టడం లేదు. అసలు మాకు హక్కులేమైనా ఉన్నాయా? మా వైపు రాలిన పండ్లు మావేనా? నేను ఎవరి వైపు ఉండాలి?

జవాబు:

అమ్మా, ముందు ఆ సీసాను ఇంట్లోంచి తీయించేయండి. ఈ ఉత్తరంలో మిగతాది చదవకపోయినా ఈ ముక్క మాత్రం మీవారికి చూపించండి. ఇప్పటిదాకా న్యాయం చాలావరకు మీ వైపే ఉంది. యాసిడ్ పోసిన మరుక్షణం అది గోడ అవతలికి వెళ్లిపోతుంది. మాను ఎవరి నేలలో ఉంటే చెట్టు వాళ్లదే. దాన్ని చంపితే పరాయి ఆస్తిని పాడుచేసినట్టే. భారత్‌లో అది భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కిందికి వచ్చే నేరం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇతరుల చెట్టును కావాలని నరికితే నష్టానికి మూడింతల దాకా కట్టించే చట్టాలున్నాయి. పైగా చచ్చిన చెట్టు మాయమైపోదు కదా. నిలువునా ఎండి, పుచ్చి, ఏదో ఒక గాలివానకి కూలుతుంది. మీ ఇంటి మీదే కూలొచ్చు.

రెండోది కూడా ఇవాళే చేయాల్సింది. ఎండు కొమ్మ సంగతి తేలేదాకా పిల్లల్ని ఆ కింద ఆడనివ్వకండి. తప్పు ఎవరిదన్నది తర్వాత చూసుకోవచ్చు.

ఇక హక్కుల సంగతి. మీరు ఏ ఊళ్లో, ఏ దేశంలో ఉంటున్నారో రాయలేదు. అందుకని ముందు చాలాచోట్ల నిలిచిన సూత్రం చెబుతాను. మీ హక్కు సరిహద్దు గీత దాకా ఉంటుంది, ఆ గీత దగ్గరే ఆగిపోతుంది. గీత దాటి మీ వైపు వచ్చిన కొమ్మను మీ ఖర్చుతో, మీ నేల మీద నిలబడి, గీత వరకు కొట్టుకోవచ్చు. దీనికి మూలంగా చెప్పే కేసు ఇంగ్లండ్‌లో 1890లలో నడిచిన లెమన్ వర్సెస్ వెబ్. అవతలి నేలలో కాలు పెట్టనంతవరకు ముందుగా నోటీసు ఇవ్వాల్సిన పని కూడా లేదని అందులో తీర్పు వచ్చింది. కొమ్మ ఎన్నేళ్లుగా అలా వాలి ఉన్నా సరే, అలాగే ఉండే హక్కు చెట్టు యజమానికి రాదని కూడా ఆ కేసే తేల్చింది. కాబట్టి "ఇన్నాళ్లూ ఊరుకుని ఇప్పుడేంటి" అని ఎవరైనా అంటే కంగారు పడకండి.

అయితే అన్ని దేశాలూ ఒక్కలా లేవు. జర్మనీలో కొమ్మ కొట్టే ముందు యజమానికి తగిన గడువు ఇవ్వాలి, పైగా ఆ కొమ్మ వల్ల మీకు నిజంగా ఇబ్బంది ఉండాలి. ఫ్రాన్సులో కొమ్మను మీరు ముట్టుకోకూడదు, యజమాని చేత కొట్టించుకునే హక్కు మాత్రం ఉంటుంది. వేళ్లయితే గీత దాకా మీరే కోసుకోవచ్చు. ఇక నిచ్చెన వేసుకుని గోడ దిగి అవతలి వైపు కోయడం, ఇటు నిలబడి గీత దాటి చెయ్యి చాపి కోయడం, మాను దాకా నరికేయడం లాంటివి ఎక్కడా కుదరవు.

వేళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. చెట్టును నిలబెట్టేవి పెద్ద వేళ్లే. చాలా చెట్లకు అవి నేలలో లోతుకి దిగవు, పైపైనే పక్కలకు పాకుతాయి. ఒక వైపు వేళ్లన్నీ నరికేస్తే చెట్టు పట్టు తప్పుతుంది. 1994లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టుకి ఇలాంటి కేసే వచ్చింది. ఒకాయన తన స్థలంలోకి వచ్చిన వేళ్లను మూడడుగుల లోతున నరికించాడు. పక్కింటివాళ్ల చెట్టు దెబ్బతిని, చివరికి దాన్ని తీసేయాల్సి వచ్చింది. నా నేలలో నా ఇష్టం అంటే చెల్లదని, నరికేటప్పుడు తగిన జాగ్రత్త తీసుకోవాల్సిందేనని కోర్టు చెప్పింది. అందుకని చెట్ల గురించి తెలిసినవాళ్లకి చూపించకుండా ఒక్క వేరు కూడా ముట్టుకోకండి. బీట తీసిన గోడను కూడా ఇంజినీరుకి చూపించండి. బీటకి చెట్టు వేళ్లు కారణమా, పునాది కుంగడమా అన్నది కంటికి కనిపించదు. వేళ్లవల్ల కాదని తర్వాత తేలితే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీ వైపు కొమ్మ కొట్టుకునే హక్కు మీకున్నా, కొన్ని చెట్లకి ప్రభుత్వ అనుమతి కావాలి. తెలుగు రాష్ట్రాల్లో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. దాని కింద చెట్టు కొట్టేయాలంటే సొంత స్థలంలోదైనా ముందు అనుమతి తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో స్థానిక కౌన్సిల్ రక్షణలో ఉన్న చెట్టయితే అనుమతి లేకుండా కొమ్మ కొట్టడం కూడా నేరమే. రంపం పట్టే ముందు మునిసిపాలిటీలోనో అటవీ శాఖ ఆఫీసులోనో ఒక మాట అడగండి.

పండ్లు అడిగారు. ఇంగ్లండ్ పద్ధతిలో చెట్టు మీదున్నవీ, మీరు కొట్టిన కొమ్మతో పాటు పడినవీ యజమానివే. మీ వైపు వేలాడే పండ్లు కోసి అమ్ముకున్న పొరుగువాడు 1919లోనే అక్కడ కేసు ఓడిపోయాడు. జర్మనీ, ఫ్రాన్సుల్లో వాటంతట అవి రాలినవి ఎవరి నేలలో పడితే వాళ్లవి. మీరైతే ఒక గిన్నెలో వేసి అక్కకి ఇచ్చేయండి. పండ్ల కోసం గొడవ పెట్టుకోవడానికి ఇది సమయం కాదు.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద విషయం. మీ చేతిలో ఉన్న బలం రంపం కాదు, ఉత్తరం. చెట్టు వల్ల నష్టం జరిగినప్పుడు కోర్టులు మొదట అడిగేది, ప్రమాదం ఉందని యజమానికి తెలుసా, తెలిసీ ఊరుకున్నాడా అని. లండన్‌లో ఒక అపార్ట్‌మెంటు పునాదులు వీధి చెట్టు వేళ్లవల్ల దెబ్బతిన్నాయి. ఆ కేసు 2001లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. చెట్టు కౌన్సిల్‌ది. కౌన్సిల్ 5 లక్షల 70 వేల పౌండ్లకు పైగా కట్టాల్సి వచ్చింది. నష్టం గురించి ముందే చెప్పి, సరిచేసుకునే అవకాశం ఇచ్చారు కాబట్టే అంత సొమ్ము వచ్చింది. చెప్పకుండా ఖర్చు పెట్టేసి తర్వాత బిల్లు చేతికిస్తే నిలవదని కూడా ఆ తీర్పులోనే ఉంది. మీవారు రెండుసార్లు నోటితో చెప్పారు. కోపంలో చెప్పిన మాటకి రుజువేముంది? ఒక్క కాగితం మీద రాసి ఉంటే ఇప్పటికి మీ పరిస్థితి వేరుగా ఉండేది.

కాబట్టి రాయండి. నిష్ఠూరాలు వద్దు, పాత గొడవలు వద్దు. "అన్నగారికి, మీ చెట్టు కొమ్మ ఒకటి ఎండిపోయి మా పిల్లలు ఆడే చోటుకి పైన ఉంది. ఫోటో జత చేశాం. దయచేసి పదిహేను రోజుల్లో తీయించండి. మనిషిని మేం మాట్లాడతాం, మా వైపు కొమ్మల ఖర్చు మేమే పెట్టుకుంటాం. గోడ బీట గురించి ఇద్దరం కలిసి ఇంజినీరుకి చూపిద్దాం." ఇంతే చాలు. తేదీ వేసి ఇద్దరూ సంతకం పెట్టండి, ఒక కాపీ దగ్గరుంచుకోండి. చేతికిచ్చినా వాట్సాప్‌లో కూడా పంపండి. ఆకుల సంగతి అందులో రాయకండి. ఆకులు రాలడం చెట్టుకి సహజం, దాని మీద పెద్దగా కేసు నిలవదు. చిన్న ఫిర్యాదు పక్కన పెడితే పెద్దది కూడా చిన్నదిగానే కనిపిస్తుంది. గొట్టానికి ఒక జాలీ బిగించుకోండి.

ఎవరి వైపు ఉండాలని అడిగారు. మీ పిల్లల తల మీద కొమ్మ ఉన్నప్పుడు మీరు మీ ఇంటి వైపే ఉంటారు, అందులో సందేహం అక్కర్లేదు. అలాగని అక్కతో మాట మానేయాలని ఎవరు చెప్పారు? మీవారి కోపం మీరు ఆమెతో మాట్లాడుతున్నందుకు కాదనిపిస్తోంది. వాకిట్లో నిలబెట్టి "కేసు పెడతా" అన్నారు. ఆ అవమానంలో తను ఒంటరిగా ఉన్నానని ఆయనకి అనిపిస్తోంది. ముందు ఆయన దగ్గర కూర్చుని, "మీరు అడిగింది న్యాయమే, పిల్లల గురించే అడిగారు" అని నోరు తెరిచి చెప్పండి. బహుశా ఇంతవరకు ఆ మాట ఆయన ఎవరి దగ్గరా విని ఉండరు. తర్వాత "ఉత్తరం నేను తీసుకెళ్లి ఇస్తాను" అనండి. ఆయనకి తెలియకుండా మాత్రం వెళ్లకండి. చాటుగా వెళ్తే ఇంట్లో రెండో గొడవ మొదలవుతుంది.

అక్క దగ్గర ఆమె భర్త గురించి ఒక్క మాట కూడా అనొద్దు. ఆమె కూడా మీలాగే ఇద్దరి మధ్య నలుగుతూ ఉండొచ్చు. కొమ్మ చూపించి, ఉత్తరం ఇచ్చి, ఇది గొడవ కోసం కాదని చెప్పి వచ్చేయండి. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసే పని మీరు పెట్టుకోవద్దు. మీ నిద్ర పోతున్నది దానివల్లే.

గడువు దాటినా కదలిక లేకపోతే, ముందు మీ ఇద్దరికీ మాట చెల్లే పెద్దమనిషిని మధ్యలో కూర్చోబెట్టండి. సరిహద్దు మీదే అనుమానం ఉంటే సర్వే చేయించండి. మాను సరిగ్గా గీత మీదుంటే చెట్టు సాధారణంగా ఇద్దరిదీ అవుతుంది. అప్పుడు ఒకరే నిర్ణయం తీసుకోకూడదు. భారత్‌లో ఉంటే ఇంకో దారి ఉంది. చెట్టు పడిపోయి చుట్టుపక్కలవాళ్లకి గాయాలయ్యేలా ఉంటే దాన్ని తీయించమని, లేదా ఊతం పెట్టించమని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ (ఆర్డీవో లాంటి అధికారి) ఆదేశించొచ్చు. పాత సీఆర్‌పీసీలో (నేర విచారణ పద్ధతి చట్టంలో) 133గా ఉన్న ఆ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152 అయింది. అర్జీకి మీ ఉత్తరం కాపీ, ఫోటోలు జత చేయండి. గోడ నష్టానికి, మళ్లీ ఇలా జరగకుండా ఇంజంక్షన్‌కి (కోర్టు నిషేధ ఉత్తర్వుకి) సివిల్ కోర్టు ఉంది. కానీ అది ఏళ్లు పట్టొచ్చు, కాబట్టి అక్కడిదాకా వెళ్లకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయ సహాయం చేస్తారు. కేసు వేయకముందే రెండు పక్షాల్నీ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ కుదిర్చే ఏర్పాటు కూడా అక్కడుంది. అర్జీ మీ పేరు మీదే పెట్టండి.