సినిమాలు, ఫొటోలు నాస్‌లో పెడితే టీవీలో ఆగి ఆగి వస్తాయా?

సాధారణంగా రావు. నాస్ అంటే రౌటర్‌కి తగిలించిన హార్డ్ డిస్కుల పెట్టె. డిస్కు వేగం గురించి టెన్షన్ అక్కర్లేదు: మామూలు హార్డ్ డిస్కు సెకనుకు 100 మెగాబైట్ల పైనే చదువుతుంది, 4కే బ్లూరే సినిమాకి 20 మెగాబైట్ల లోపే చాలు.

ఇబ్బందంతా దారిలోనే. చాలా టీవీల్లో నెట్ కేబుల్ పెట్టే లాన్ పోర్టు వేగం సెకనుకు 100 మెగాబిట్లే, అంటే సుమారు 12 మెగాబైట్లు. అందుకే పెద్ద ఫైల్ భారీ సీన్ రాగానే ఆగి, చక్రం తిరుగుతుంది. అలాంటి టీవీకి 5 గిగాహెర్ట్జ్ వైఫై నయం. నాస్‌ని మాత్రం రౌటర్‌కి కేబుల్‌తోనే కలపండి.

సినిమాల్ని వరసగా చూపించి టీవీకి పంపే జెల్లీఫిన్, ప్లెక్స్ లాంటి ప్రోగ్రామ్ వాడితే సినిమాలు నాస్‌లో ఉంచి, ఆ ప్రోగ్రామ్ తన వివరాలు దాచుకునే డేటాబేస్‌ని మాత్రం ఆ ప్రోగ్రామ్ నడిచే మెషీన్ సొంత ఎస్‌ఎస్‌డీలోనే ఉంచండి. అది ఎస్‌క్యూలైట్ అనే రకం డేటాబేస్ ఫైల్. నెట్‌వర్క్ ఫోల్డర్లో పెడితే లాకింగ్ (ఒకేసారి ఇద్దరు రాయకుండా ఫైల్‌ని ఆపి ఉంచడం) సరిగ్గా కుదరక అది పాడైపోవచ్చు.

ఇంకొకటి, రెయిడ్ (ఒక డిస్కు పోయినా డేటా మిగిలేలా కొన్ని డిస్కుల్ని కలిపి వాడే పద్ధతి) ఉంది కదా అని బ్యాకప్ మానేయకండి. ఒక డిస్కు చెడిపోతే రెయిడ్ ఆదుకుంటుంది గానీ, పొరపాటున డిలీట్ కొడితే ఆ ఫైల్ అన్ని డిస్కుల్లోంచీ పోతుంది. సినిమా మళ్లీ దొరుకుతుంది, పాప తొలి అడుగుల వీడియో దొరకదు. అలాంటివాటిని ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ డ్రైవ్‌ని వేరే చోట దాచండి.