వీసా అక్కర్లేని సెలవు: లూయిస్, హ్యారిస్ దీవికి అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

ప్రశ్న: మాంచెస్టర్ వచ్చి ఎనిమిది నెలలైంది. జూన్‌లో వారం సెలవు పెట్టాను. స్పెయిన్ అనుకున్నాం గానీ షెంగెన్ వీసా అపాయింట్‌మెంట్ దొరకలేదు. ఆఫీసులో ఒకాయన స్కాట్లండ్‌లోని లూయిస్, హ్యారిస్ దీవికి వెళ్లమంటున్నాడు. ఫొటోల్లో రాళ్లు, గడ్డి, మబ్బులు తప్ప ఏమీ కనిపించలేదు. మూడేళ్ల పాప ఉంది, అమ్మానాన్న విజిట్ వీసా మీద వచ్చారు. అంత దూరం వెళ్లి ఏం చూస్తాం?

జవాబు: ఆ రాళ్లు, గడ్డి, మబ్బులే చూస్తారండీ. నేను ఈ దేశానికి వచ్చి పదహారేళ్లు. ఆ దీవికి నాలుగుసార్లు వెళ్లాను, ఐదోసారి ఎప్పుడా అని చూస్తున్నాను.

ముందు వీసా సంగతి. అమ్మానాన్నల విజిట్ వీసా ఇంగ్లాండ్‌కే కాదు, యూకే మొత్తానికీ చెల్లుతుంది. దీవికి ఫెర్రీలో వెళ్లినా దేశం దాటినట్టు కాదు కాబట్టి ఆ టెన్షన్ వదిలేయండి.

పేరు చూసి రెండు దీవులనుకుంటారు గానీ అది ఒకటే నేల. ఉత్తరాన లూయిస్, చాలావరకు చదునైన పీట్ నేల, అంటే మొక్కలు కుళ్లి పేరుకున్న తడి నేల. దక్షిణాన హ్యారిస్, అంతా కొండలు. అక్కడి క్లిషమ్ కొండ ఎత్తు 799 మీటర్లు. కాళ్ల కింద ఉండే రాయి, లూయిసియన్ నైస్ అంటారు, భూమ్మీద బాగా పాతరాళ్లలో ఒకటి. కొన్నిచోట్ల దాని వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు.

హ్యారిస్ పడమటి ఒడ్డున లస్కెంటైర్ బీచ్ ఉంది. గవ్వలు పొడైన తెల్లటి ఇసుక, పచ్చ కలిసిన నీలం నీళ్లు. నీళ్లు మాత్రం చల్లగా జివ్వుమంటాయి, జూన్‌లో కూడా. పాప ఇసుకలో ఆడుకుంటుంది, మీరు ఊరికే కూర్చోండి. అరగంటలో ఎండ, వాన, హరివిల్లు, మళ్లీ ఎండ అన్నీ వచ్చిపోతాయి. అక్కడి నుంచి తూర్పు ఒడ్డుకి కారులో వెళ్తే మీకే నమ్మబుద్ధి కాదు: పచ్చిక పోయి అంతా బోడిరాయే. పందొమ్మిదో శతాబ్దంలో గొర్రెల పెంపకం కోసం భూస్వాములు పడమటి వైపు మంచి నేలలు ఖాళీ చేయించారు. చాలామంది ఈ రాళ్ల మీదికి చేరారు. మట్టి లేదు కాబట్టి సముద్రపు నాచు, పీట్ మోసుకొచ్చి బండల మధ్య బోదెలు పోసి బంగాళాదుంపలు పండించుకున్నారు. ఆ బోదెల గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. మనిషిని పూడ్చేంత లోతు మట్టి కూడా అక్కడ ఉండేది కాదట, శవాన్ని కొండ దాటించి పడమటి ఇసుక నేలకే మోసేవారు. ఆ దారి ఇప్పుడు నడక దారి. ఇది తెలిశాక ఆ బీచ్ నాకు మామూలు బీచ్‌లా కనిపించలేదు.

మా అమ్మ వచ్చినప్పుడు ఒక నేతగాడి షెడ్డుకి తీసుకెళ్లాను. హ్యారిస్ ట్వీడ్ అనేది ఇక్కడి ఉన్ని గుడ్డ. ఆ పేరు పెట్టాలంటే దాన్ని ఔటర్ హెబ్రిడీస్, అంటే ఈ దీవీ దాని చుట్టుపక్కల దీవుల వాళ్లు తమ ఇంటి దగ్గరే, కరెంటు లేకుండా నేయాలి. 1993లో చేసిన చట్టమే ఉంది. ఆయన మగ్గం మీద కూర్చుని రెండు కాళ్లతో తొక్కుతుంటే నాడె టకటకా అటూ ఇటూ పరిగెడుతోంది. మంగళగిరి మగ్గాల మధ్య పెరిగిన మనిషి కదా, అమ్మకి ఇంగ్లీషు రాకపోయినా వెళ్లి పేక వైపు వేలు చూపించింది. ఆయన ఒక పోగు తెంపి చేతిలో పెట్టాడు. దూరం నుంచి గోధుమరంగు. వెలుతురులో పట్టుకుంటే అందులో నారింజ, ఆకుపచ్చ, ఊదా నూగు. వడికిన తర్వాత కాకుండా ఉన్నికే ముందు రంగు వేస్తారు, అందుకని ఒక్క పోగులోనే అన్ని రంగులు. అమ్మ ఆ పోగుని పర్సులో దాచుకుని ఇంటికి తీసుకెళ్లింది.

లూయిస్‌లోని కాలనిష్ నిలువురాళ్లని మాత్రం పగలు బస్సులొచ్చే వేళ చూడొద్దు. సుమారు 5,000 ఏళ్ల కిందట నిలబెట్టినవి. స్టోన్‌హెంజ్‌లోలాగా తాడు కట్టి దూరంగా నిలబెట్టరు, రాళ్ల మధ్య నడవొచ్చు. జూన్‌లో సూర్యుడు రాత్రి 10:30 దాకా ఉంటాడు. అన్నం తిని నిదానంగా వెళ్లండి.

ఇక ప్రయాణం. ఉత్తర స్కాట్లండ్‌లోని ఇన్వర్నెస్ నుంచి ఉల్లాపూల్ రేవుకి కారులో గంటన్నర లోపే, అక్కడ కారుతో సహా ఫెర్రీ ఎక్కితే రెండున్నర, మూడు గంటల్లో లూయిస్‌లోని స్టోర్నవే ఊరు. కారుకి చోటు ఇవాళే బుక్ చేయండి, జూన్‌వి త్వరగా అయిపోతాయి. మొదటిసారి మేం తిరిగి రావలసిన రోజే గాలి ఎక్కువై ఫెర్రీ ఆగిపోయింది, మర్నాడు ఆఫీసు, గది ఖాళీ చేసేశాం, నానా హైరానా పడ్డాం. అందుకని చివర ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి.

మీరు వచ్చి ఏడాది దాటలేదు కాబట్టి ఇండియా లైసెన్స్‌తో నడపొచ్చు, కారు ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందో లేదో ఒకసారి అడగండి. చాలా రోడ్లు ఒక్క కారు పట్టేంతే. అక్కడక్కడా తప్పుకోవడానికి రోడ్డు కాస్త వెడల్పు చేసి ఉంటుంది, దాన్ని పాసింగ్ ప్లేస్ అంటారు. ఎదురుగా బండి వస్తే అది ఎడమవైపు ఉంటే అందులోకి వెళ్లండి, కుడివైపు ఉంటే దానికి ఎదురుగా మీ వైపే ఆగండి. ఫొటో కోసం అందులో కారు పార్క్ చేయకూడదు. దారి ఇచ్చినవాళ్లకి చెయ్యెత్తడం అక్కడి మర్యాద. గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి.

గొడుగులు ఇంట్లోనే వదిలేయండి, ఆ గాలికి ఒక్కటీ నిలవదు. అందరికీ మంచి రెయిన్‌కోట్లు, నాన్నగారికి చెవులు మూసే టోపీ తప్పనిసరి. హోటల్ కాకుండా వంటిల్లు ఉన్న ఇల్లు తీసుకోండి. రైస్ కుక్కర్, కందిపప్పు, ఆవకాయ కారులో వేసుకోండి, అమ్మానాన్నలకి అదే ధైర్యం. ఇల్లు మార్చకుండా ఐదు రాత్రులూ ఒకేచోట ఉండండి. రోజుకి ఒక్క చోటు చాలు.

మరొకటి, ఆదివారాన్ని అక్కడ చాలామంది దేవుడి రోజుగా పాటిస్తారు, షాపులు దాదాపు అన్నీ మూసేసి ఉంటాయి. పాలు, పెట్రోలు శనివారమే చూసుకోండి. ఆ రోజు బట్టలు బయట ఆరేస్తే పక్కింటివాళ్లు నొచ్చుకోవచ్చు, సోమవారం దాకా ఆగండి.