ఆంప్లిఫయర్ పోయిందని కొత్తది కొనేముందు ఒక్కసారి మీటర్ పెట్టి చూడండి

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు కారు ఆంప్లిఫయర్ల మీదే వచ్చాయి. అన్నిట్లో ఉన్న బాధ ఒకటే, షాపుకి తీస్కెళ్తే రెండు నిమిషాలు చూసి బోర్డు పోయింది అనేస్తున్నారట. ఆంప్ నిజంగా పోయే కేసులు ఉన్నాయి గానీ తక్కువ, ఎక్కువసార్లు తప్పు వైర్లోనో ఎర్త్‌లోనో స్పీకర్ కలిపిన పద్ధతిలోనో ఉంటుంది. కొన్ని వందల్లో వచ్చే డిజిటల్ మల్టీమీటర్ ఒకటి దగ్గరుంటే చాలు, కింద రాసినవన్నీ ఇంటి దగ్గర మీరే చూస్కోవచ్చు.

ప్రశ్న: సార్ నమస్తే. నా కారు డిక్కీల ఫోర్ ఛానల్ ఆంప్ ఉంది, రెండు ఛానళ్లకి డోర్ స్పీకర్లు, ఇంకో రెండు బ్రిడ్జ్ చేసి 12 అంగుళాల సబ్ ఊఫర్. చాన రోజులు మంచిగనే పన్జేసింది. దసరాకి పాత సబ్ చిరిగిపోతే రెండు కాయిల్స్ ఉన్న కొత్త సబ్ వేయించిన, అప్పట్నుంచి సౌండ్ తక్కువ పెడితే మంచిగుంటది, బేస్ పాట పెట్టి పెంచంగనే ఎర్ర లైటు వచ్చి మొత్తం బంద్ అయితది. స్టీరియో ఆపి మళ్ల ఆన్ చేస్తే మళ్ల పాడతది. షాపాయన కొత్త ఆంప్ తీస్కో అంటున్నడు. నిజంగనే పోయిందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: బ్రదర్, కొత్త ఆంప్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. లోపల బోర్డు పోయిన ఆంప్ అయితే ఆన్ చేయగానే ఎర్ర లైటు వేసుకుని కూర్చుంటుంది, లేదా ఫ్యూజ్ కొట్టేస్తుంది. తక్కువ సౌండ్‌లో శుభ్రంగా పాడి, పెంచినప్పుడే ఆగి, మళ్ళీ ఆన్ చేస్తే లేస్తోందంటే అది తనను తాను కాపాడుకుంటోందన్నమాట. ఆ ఎర్ర లైటు పేరే ప్రొటెక్ట్ లైటు.

మీ ఉత్తరంలోనే అసలు క్లూ ఉంది, సబ్ మార్చాకే మొదలైందన్నారు. రెండు కాయిల్స్ ఉన్న సబ్‌లో ఒక్కో కాయిల్ 4 ఓమ్స్ అనుకుందాం (మార్కెట్లో ఎక్కువ అవే), రెండిట్నీ ప్లస్‌కి ప్లస్ మైనస్‌కి మైనస్ కలిపేస్తే, అంటే పారలల్ చేస్తే 2 ఓమ్స్ అవుతుంది. ఫోర్ ఛానల్ ఆంప్‌లు చాలావరకు బ్రిడ్జ్ చేసినప్పుడు (అంటే రెండు ఛానళ్లని కలిపి ఒక్కటిగా వాడినప్పుడు) 4 ఓమ్స్ కంటే తక్కువ ఒప్పుకోవు, బ్రిడ్జ్‌లో 2 ఓమ్స్ పెడితే ఒక్కో ఛానల్ మీద 1 ఓమ్ లోడ్ పడినట్టు. చిన్న సౌండ్‌కి నెట్టుకొస్తుంది, బేస్ కొట్టగానే కరెంటు ఎగబాకి ఆగిపోతుంది. చూడ్డం తేలికే, ఆంప్ దగ్గర సబ్ వైర్లు రెండూ ఊడదీసి మీటర్ ఓమ్స్‌లో పెట్టి ఆ రెండు వైర్ల మధ్య కొలవండి, 1.6 నుంచి 1.9 దాకా చూపిస్తే పారలల్ చేసేశారని అర్థం. మీటర్‌లో రీడింగ్ ఎప్పుడూ రాసిన ఓమ్స్ కంటే కాస్త తక్కువే వస్తుంది, 4 ఓమ్స్ స్పీకర్ 3.2 నుంచి 3.7 మధ్య చూపించడం మామూలే, కంగారు పడొద్దు.

అదే అయితే కాయిల్స్‌ని సిరీస్‌లో మార్పించండి, ఒక కాయిల్ మైనస్‌ని రెండో కాయిల్ ప్లస్‌కి కలిపి మిగిలిన రెండు కొసలు ఆంప్‌కి ఇవ్వాలి. 8 ఓమ్స్ అవుతుంది, బేస్ కొంచెం తగ్గుతుంది గానీ ఆంప్ బతుకుతుంది. తగ్గడం నచ్చకపోతే ఒక్కో కాయిల్ 2 ఓమ్స్ ఉన్న సబ్ తీస్కుని సిరీస్ చేస్తే సరిగ్గా 4 వస్తుంది, మీ ఆంప్‌కి అదే కరెక్ట్ జోడి. కొత్త సబ్ అమ్మినాయన ఇది ముందే అడిగి ఇవ్వాల్సింది.

ఓమ్స్ సరిగ్గానే ఉన్నాయనుకోండి, అప్పుడు వోల్టేజీ చూడాలి. ఇంజన్ ఆన్‌లో పెట్టి మీటర్ డీసీ వోల్ట్స్‌లో ఆంప్ ప్లస్, గ్రౌండ్ (ఎర్త్) టెర్మినల్స్ మీదే పెట్టండి, బాడీ మీద కాదు. 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. ఇప్పుడు పక్కన ఒకరిని కూర్చోబెట్టి బేస్ పాట పెంచమనండి, 12 దగ్గర నిలబడితే పర్లేదు, 11 కిందికి జారుతుంటే వైరింగ్‌లో తేడా ఉంది, 10 దగ్గరకి వస్తే చాలా ఆంప్‌లు వాటంతట అవే ఆగిపోతాయి. అదే టైంలో బ్యాటరీ దగ్గర కూడా కొలవండి. బ్యాటరీ దగ్గర 13.5 ఉండి ఆంప్ దగ్గర 11 ఉంటే మధ్యలో వైర్ తినేస్తోంది, రెండు చోట్లా పడిపోతుంటే బ్యాటరీ లేదా ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) చూపించుకోవాలి.

ఎక్కడ తింటోందో పట్టాలంటే మీటర్ ఒక ముల్లు ఆంప్ గ్రౌండ్ టెర్మినల్ మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద పెట్టి సౌండ్ పెంచండి. 0.2 వోల్ట్స్ లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే, అర వోల్టు దాటితే ఎర్త్ బోల్ట్ విప్పి ఆ చోట పెయింట్ మొత్తం గీకి మెరిసే ఇనుము కనపడేదాకా రుద్ది, వైర్ కొసకి లగ్గు (బోల్ట్ కింద పట్టే రింగు) వేసి బిగించండి. సీట్ బెల్ట్ బోల్ట్‌కి మాత్రం ఎర్త్ ఇవ్వొద్దు దయచేసి, అది ప్రాణం కాపాడే బోల్ట్.

వైర్ గురించి ఒక మాట చెప్పి తీరాలి. తక్కువ రేటు కిట్లలో వచ్చేది రాగి పూత పూసిన అల్యూమినియం. అల్యూమినియం కరెంటుని మోసేది రాగితో పోలిస్తే 60 శాతం చిల్లరే, కాబట్టి అదే గేజ్ (వైర్ లావు చెప్పే నెంబర్, అది తగ్గేకొద్దీ వైర్ లావు) రాసి ఉన్నా అంత పని చేయదు, పైగా రబ్బరు తొడుగు మందంగా ఉండి బయటకి లావుగా కనపడి మోసం చేస్తుంది. కొసన వైర్ కొంచెం గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే అదే. మీ ఆంప్ డబ్బా మీద 2000 వాట్స్ అని రాసి ఉండొచ్చు, దాన్ని వదిలేసి ఆంప్ మీద ఉన్న ఫ్యూజులు చూడండి. 30 ఆంపియర్లవి రెండుంటే 60 ఆంపియర్లు, 13.8 తో గుణిస్తే 828 వాట్స్ లోపలికి వెళ్తుంది, క్లాస్ ఏబీ అనే రకం ఆంప్ అయితే అందులో 60 శాతం స్పీకర్లకి వస్తుంది అంటే 500 వాట్స్ దగ్గర, మిగతాదంతా వేడే. ఆ 60 ఆంపియర్లు బ్యాటరీ నుంచి డిక్కీ దాకా రావాలంటే అసలైన రాగి 4 గేజ్ వైర్ కావాలి, 8 గేజ్ చాలదు. ఆ వైర్‌కి బ్యాటరీ నుంచి అర మీటర్ లోపే ఫ్యూజ్ ఉండాలి, అది లేకపోతే రేపు వైర్ ఎక్కడో రాసుకుపోయి బాడీకి తగిలిన రోజు కారే అంటుకుంటుంది. ఇది భయపెట్టడానికి రాయట్లేదు, ఈ ఒక్క ఫ్యూజ్ లేకుండా ఎవరూ ఆంప్ పెట్టుకోవద్దు.

ఇవన్నీ బాగుండి కూడా లైటు వస్తుంటే స్పీకర్ వైర్లన్నీ ఆంప్ నుంచి పీకేసి, ఒక్కొక్క జత కలుపుతూ సౌండ్ పెంచి చూడండి. ఏ జత కలిపినప్పుడు ఆగుతుందో దొంగ అక్కడే ఉన్నాడు. డోర్ తెరిచి మూసే చోట మడత దగ్గర వైర్ నలిగి బాడీకి తగలడం చాలా కామన్.

ప్రశ్న: కారు స్టార్ట్ చేయగానే స్పీకర్లలో కుయ్ మని సన్నటి సౌండ్ వస్తోందండీ, యాక్సిలరేటర్ తొక్కితే అది కూడా పెరుగుతోంది. పాట ఆపినా ఆగదు. ఆంప్ మార్చాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మార్చక్కర్లేదండీ. ఇంజన్ స్పీడుతో పాటు పెరుగుతోందంటే అది ఆల్టర్నేటర్ నుంచి వచ్చే గోల. ఆంప్ ఆపి వెనకున్న ఆర్‌సీఏ కేబుల్స్ (స్టీరియో నుంచి ఆంప్‌కి పాట సిగ్నల్ తెచ్చేవి) పీకేసి, మళ్ళీ ఆన్ చేసి వినండి. గోల పోయిందంటే ఆంప్ మంచిదే, తేడా కేబుల్‌లోనో స్టీరియోలోనో ఉంది. పోకపోతే ముందు పైన చెప్పిన ఎర్త్ సంగతి చూడండి.

కేబుల్స్ పీకాక గోల పోయిందనుకుంటే ఇంకో పరీక్ష, ఫోన్ హెడ్‌ఫోన్ పిన్ను నుంచి ఆర్‌సీఏకి వెళ్ళే చిన్న కేబుల్‌తో ఫోన్‌ని నేరుగా ఆంప్‌కి కలిపి పాట పెట్టండి, ఫోన్ ఛార్జింగ్‌లో మాత్రం ఉండకూడదు. శుభ్రంగా వస్తే ఇక స్టీరియో నుంచి డిక్కీ దాకా వచ్చే దారి చూడాలి. పవర్ వైర్, ఆర్‌సీఏ కేబుల్ రెండూ ఒకే పక్కన కట్టగా లాగి ఉంటే విడదీయించి ఒకటి ఎడమ పక్క, ఒకటి కుడి పక్క వేయించండి. అయినా తగ్గకపోతే స్టీరియో బయటకి తీసి, ఆర్‌సీఏ సాకెట్ బయటి రింగుకీ స్టీరియో ఇనప బాడీకీ మధ్య ఓమ్స్ కొలవాలి. సున్నా దగ్గర ఉండాలి. అక్కడ కనెక్షనే లేకపోతే స్టీరియో లోపల ఆ ఎర్త్ దారిలో ఉండే సన్నటి ఫ్యూజ్ కాలిపోయినట్టు, ఆన్‌లో ఉండగా ఆర్‌సీఏలు పీకి పెడుతుంటే ఇలా అవుతుంది, అందుకే ఆపి పీకమన్నా. టెక్నీషియన్‌కి ఇదే మాట చెప్పండి, బాగుచేయడం పెద్ద పని కాదు. ముందే వెళ్ళి నాయిస్ ఫిల్టర్ కొనకండి, గోల తగ్గినా చాలావాటిలో బేస్ కూడా పోతుంది.

ప్రశ్న: అన్నా, బ్యాటరీ మార్చేటప్పుడు మా ఫ్రెండు ప్లస్ మైనస్ తిప్పి పెట్టేశాడు. వెంటనే సరిచేశాం, కారుకి ఏం కాలేదు గానీ ఆంప్ కలిపిన ప్రతిసారీ ఫ్యూజ్ పోతోంది. పెద్ద ఫ్యూజ్ వేద్దామా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు తమ్ముడూ, 30 బదులు 60 వేస్తే ఫ్యూజ్ బదులు బోర్డు కాలుతుంది. నీ కేసులో మాత్రం తప్పు నిజంగా ఆంప్ లోపలే ఉంది. చాలా ఆంప్‌లలో పవర్ టెర్మినల్స్ మధ్య ఒక డయోడ్ ఉంటుంది, తిరగేసి ఇస్తే అది షార్ట్ లాగా కరెంటు లాగి ఫ్యూజ్ కొట్టించి మిగతా బోర్డుని కాపాడుతుంది, ఒక్కోసారి ఆ పనిలో అదే కాలి షార్ట్‌గా ఉండిపోతుంది. నీ అదృష్టం బాగుంటే పోయింది అదొక్కటే.

అది బాగుంటే పవర్ సప్లై మాస్‌ఫెట్లు (స్విచ్‌లా పనిచేసే మూడు కాళ్ల ట్రాన్సిస్టర్లు) చూడాలి. బ్యాటరీ 12 వోల్ట్స్‌ని పెంచి ఆంప్‌కి ఇచ్చే భాగం అది, పెద్ద రింగు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వరసగా ఉంటాయి, చాలావాటిలో ఐఆర్‌ఎఫ్‌జెడ్44 రకం, వాటిని నడిపే ఐసీ టీఎల్494. మీటర్ బీప్‌లో పెట్టి మాస్‌ఫెట్ మధ్య కాలికీ మూడో కాలికీ పెడితే బీప్ అంటే షార్ట్. అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి ఒకటి పోయినా పక్కవి కూడా బీప్ అంటాయి, ఊడదీసి కొలిస్తేనే తెలుస్తుంది. పోయిన దాన్ని ఒక్కదాన్నే కాకుండా ఆ వరస మొత్తం ఒకే రకం కొత్తవి వేయించు, గేట్ (మాస్‌ఫెట్ మొదటి కాలు) దగ్గరున్న చిన్న రెసిస్టర్లు కూడా చూడమను, అవి వదిలేస్తే కొత్తవి కూడా కాసేపట్లో పోతాయి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో పార్ట్‌లు దొరుకుతాయి, మరీ చవగ్గా ఇస్తుంటే అనుమానించు, నకిలీవి చాలా తిరుగుతున్నాయి.

రిపేర్ అయ్యాక డైరెక్ట్‌గా బ్యాటరీకి కలపొద్దు. ప్లస్ వైర్ మధ్యలో పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి సిరీస్‌లో పెట్టి ఆన్ చేయించు. ఒక్క క్షణం వెలిగి ఆరిపోతే లేదా మసగ్గా ఉంటే బాగుంది, ఫుల్‌గా వెలుగుతూనే ఉంటే ఇంకా షార్ట్ ఉంది. ఎంత షార్ట్ ఉన్నా బల్బు అయిదారు ఆంపియర్లకి మించి పోనివ్వదు కాబట్టి కొత్త పార్ట్‌లు కాలవు.

ప్రశ్న: సీటు కింద ఆంప్. ఎండాకాలం గంట పాడి ఆగిపోతుంది, చల్లారాక మళ్ళీ పాడుతుంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వేడికి ఆగుతోందండీ, చల్లారితే పాడటమే సాక్ష్యం. చుట్టూ కనీసం రెండు అంగుళాల ఖాళీ, కింద కార్పెట్ కాకుండా చెక్క ముక్క, పైన ఏమీ కప్పకుండా ఉంచండి. ఆంప్ మీదుండే గెయిన్ నాబ్ (స్టీరియో సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టేది) వాల్యూమ్ కాదు, ఫుల్‌గా తిప్పి ఉంటే తగ్గించండి. అంతా సరిచేసినా ఆగుతుంటే స్పీకర్ ఓమ్స్ కొలవండి.

ప్రశ్న: ఆంప్ పెట్టించినప్పట్నుంచి రెండ్రోజులు కారు తీయకపోతే బ్యాటరీ డౌన్ అవుతోంది. ఆంప్ లాగేస్తోందా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: రాత్రి కారు ఆపి, తాళంచెవి బయటకి తీసి, పది నిమిషాలాగి డిక్కీ తెరిచి చూడండి. ఆంప్ లైటు ఇంకా వెలుగుతుంటే రిమోట్ వైర్‌ని (ఆంప్‌ని ఆన్ చేయమని చెప్పే సన్న వైర్) ఎప్పుడూ కరెంటు ఉండే వైర్‌కి కలిపేశారన్నమాట. స్టీరియో వెనక నీలం మీద తెల్ల గీత ఉన్న వైర్ ఉంటుంది, స్టీరియో ఆన్‌లో ఉన్నప్పుడే దాంట్లో 12 వోల్ట్స్ వస్తుంది, రిమోట్ దానికి కలపాలి. కంపెనీ స్టీరియో అయ్యి ఆ వైర్ లేకపోతే, తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజ్ నుంచి యాడ్ ఎ ఫ్యూజ్ అడాప్టర్‌తో (ఫ్యూజ్ చోట గుచ్చి ఇంకో వైర్ తీసుకునేది) తీసుకోమనండి. లైటు ఆరిపోయే ఉంటే మాత్రం ఆంప్ ఫ్యూజ్ పీకేసి రెండ్రోజులు చూడండి, అప్పుడు కూడా డౌన్ అయితే ఆంప్‌ని వదిలేసి బ్యాటరీ టెస్ట్ చేయించండి.