టెన్నిస్ విజేతను మార్కెట్ ధర చెప్పగలదా?

ప్రశ్న: 2025 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌ నాలుగో సెట్‌లో 5-3 ఆధిక్యంతో ఉన్న యానిక్ సినర్‌కు మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు (ఒక్కటి గెలిచినా కప్పు దక్కే అవకాశాలు) చిక్కాయి. ఆ నిమిషంలో ఏ ప్రిడిక్షన్ మార్కెట్ ధర చూసినా కప్పు సినర్‌దేననిపిస్తుంది. గెలిచింది మాత్రం కార్లోస్ అల్కరాస్. ఇక ఈ ధరలను నమ్మడంలో అర్థముందా?
— స్టాటిస్టిక్స్ విద్యార్థి, గుంటూరు

జవాబు: అర్థముంది. అయితే ఆ ధర ఏం చెబుతోందో ముందుగా తేల్చుకోవాలి. ఫలానా ఆటగాడు గెలిస్తే ఒక డాలరు, ఓడితే సున్నా చెల్లించే కాంట్రాక్టును జనం తమలో తాము కొని అమ్ముకునే చోటే ప్రిడిక్షన్ మార్కెట్. అది 95 సెంట్లు పలికిందంటే, అలాంటి స్థితిలో ఉన్న వంద మ్యాచ్‌లలో సుమారు అయిదు చేజారతాయని కొనేవారూ అమ్మేవారూ కలిసి లెక్కగట్టినట్టే. ఆ అయిదింటిలో ఒకటి పారిస్‌లో 5 గంటల 29 నిమిషాల పాటు మన కళ్ల ముందే జరిగిందని ధరను తప్పుపట్టలేము.

పైగా టెన్నిస్‌లో మొత్తం ఎన్ని పాయింట్లు గెలిచారన్నదాని కంటే ఏ పాయింట్లు గెలిచారన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. 2019 వింబుల్డన్ ఫైనల్లో ఫెదరర్ 218 పాయింట్లు, జకోవిచ్ 204 పాయింట్లు సాధించారు. అయినా అయిదో సెట్‌లో తన సర్వీసులోనే రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు జారవిడిచిన ఫెదరర్ ఓడిపోయాడు. ఆ మ్యాచ్‌ తలపుకొస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఒక్క పాయింటుతో ఇంతగా తలకిందులయ్యే ఆటలో, మ్యాచ్ నడుస్తుండగా కనిపించే ధర కంటే ఆరంభానికి ముందున్న ధరే, ఈ ధరలను పరీక్షించి చూడాలనుకునే మీలాంటి విద్యార్థికి నమ్మదగినది. టీవీ ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది కనుక, స్టేడియంలో కూర్చున్నవారికి తెలిసిన పాయింటు మీకు చేరేలోపే ధర మారిపోతుంది.

చిన్న టోర్నీల తొలి రౌండ్లలో కొనేవారు తక్కువగా ఉంటారు కాబట్టి ఒక్క పెద్ద ఆర్డరుకే ధర కదులుతుంది. అక్కడ కొనుగోలు ధరకూ అమ్మకపు ధరకూ మధ్య ఎడం ఎక్కువైతే ఆ మ్యాచ్‌ను వదిలేయండి. గాయంతో ఆటగాడు మధ్యలో తప్పుకొంటే కాంట్రాక్టును ఎలా పరిష్కరిస్తారన్న నిబంధన అన్ని చోట్లా ఒకేలా ఉండదు, దాన్నీ చదవాలి.

డబ్బు మాత్రం పెట్టకండి. 2025లో వచ్చిన కేంద్ర చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. మీకు కావలసింది ధరలు మాత్రమే: ప్రతి మ్యాచ్‌కు ఒక గంట ముందున్న ధరను పుస్తకంలో రాసుకుని, 70 సెంట్ల దగ్గర పలికినవన్నీ ఒకచోట చేర్చి, వాటిలో నూటికి డెబ్బై వరకు గెలిచారో లేదో చూడండి. కనీసం రెండు మూడు వందల మ్యాచ్‌లు పోగయ్యేదాకా ఏ తీర్పూ ఇవ్వకండి.