నల్లరేగడి నేలలో పునాది బీటలున్న ఇల్లు కొనవచ్చా?

గుంటూరు వైపు నల్లరేగడి నేలలో పదేళ్ల నాటి డాబా ఇల్లు చూశారు. బేస్‌మెంటు దగ్గర, కిటికీ మూలల్లో బీటలున్నాయి. యజమాని అవి ప్లాస్టరింగ్ బీటలేనంటూ ధర తగ్గిస్తానంటున్నాడు. కొనవచ్చా అని మీ ప్రశ్న.

కొనవచ్చు. కానీ ఇప్పుడే బయానా ఇవ్వకండి. బీట ఎంత వెడల్పుందన్నది తర్వాతి సంగతి. అది ఇంకా కదులుతోందా, కదిలిస్తున్నదేమిటి అన్నవి తేలాకే ధర మాట్లాడాలి. నరసరావుపేటలో ఇలాంటి ఇల్లే కొని అందులోనే కాపురం ఉంటున్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు భయపడనవసరం లేనివి పక్కన పెడదాం. పూత మీద వల అల్లినట్టు కనిపించే సన్నటి గీతలు సిమెంటు ఎక్కువై, నీళ్లు సరిగా కొట్టక వచ్చేవి. పిల్లరుకీ ఇటుక గోడకీ మధ్య నిలువుగా, బీము కింద అడ్డంగా తిన్నగా వచ్చే గీత కూడా చాలావరకు అంతే. అక్కడ చికెన్ మెష్ (సన్నటి ఇనుప వల) కొట్టకుండా పూత పూశారన్నమాట. అసలు చూడాల్సింది ఏటవాలు బీట. కిటికీ మూల నుంచి కిందికి దిగుతూ, ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా పోయి, గోడకు లోపలా బయటా ఒకే చోట కనిపిస్తే అది పూతది కాదు, నేలది. పిల్లరు పొడవునా బీట, దాని వెంట తుప్పు మరక ఉంటే మాత్రం అది వేరే జబ్బు: లోపల ఇనుము పాడవుతోంది. ఉప్పునీటితో కట్టిన ఇళ్లలో ఇది సాధారణం. అలాంటిదాని జోలికి పోకండి.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. పొలంలో ఏటా చూసేదే ఇంటి కిందా జరుగుతుంది. బరువైన మేడ కన్నా తేలికపాటి ఒంటి అంతస్తు ఇంటికే దీని దెబ్బ ఎక్కువ, ఎందుకంటే ఉబ్బే మట్టిని అణచిపెట్టే బరువు దానికి ఉండదు. ఇల్లంతా ఒకేలా లేచి ఒకేలా దిగితే పెద్ద చిక్కు లేదు. ఒక మూల తడిగా, మిగతాది పొడిగా ఉన్నప్పుడే గోడ చీలుతుంది.

నేను చూసిన ఇంట్లో వంటగది కిటికీ కింద గోడరంగు కన్నా తెల్లగా ఒక పట్టీ కనిపించింది. కొత్తగా లప్పం పెట్టి బీట కప్పేశారు. అది ఏప్రిల్ నెల. ఇంటి చుట్టూ మట్టి గోడను వదిలేసి, వేళ్లు దూరేంత సందు ఏర్పడింది. వాయవ్యం మూలలో మాత్రం సందు లేదు, మట్టి చల్లగా తగిలింది. యజమాని అనుమతితో అక్కడ తవ్విస్తే స్నానాలగది నీళ్లు పోయే గొట్టం వంపు దగ్గర విరిగి ఉంది. ఏడాది పొడవునా ఆ మూలనే తడుపుతోంది. ఇల్లు కొనేటప్పుడు వాస్తు చూసినంత శ్రద్ధగా నీటి గొట్టాలు చూసేవాళ్లు తక్కువ!

బీట కొసల దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేశాను. బీటకు అటూ ఇటూ అతికేలా సన్నటి గాజుముక్కను సిమెంటుతో పెట్టించాను; గోడ కదిలితే అది పగులుతుంది. వానలు పడ్డాక గాజు పగిలింది, బీట మాత్రం కొంత మూసుకుంది. అంటే పునాది కూలిపోవడం లేదు, రుతువును బట్టి ఆడుతోంది. ఆ లెక్క చూపించే బేరమాడాను. కొన్నాక గొట్టం మార్పించి, డాబా మీది వాననీళ్లు వీధి కాలువలోకి పోయేలా చేసి, ఇంటి చుట్టూ మీటరు వెడల్పున బయటికి వాలుగా చప్టా వేయించాను. గోడల పని వెంటనే పెట్టుకోలేదు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచి కదలిక ఆగిందని తేలాకే అతుకుల్లో ఇనుప చువ్వలు అడ్డంగా పొదిగించి, మెష్ కొట్టించి పూత వేయించాను. మేస్త్రీ మొదటి రోజే బీటలోకి సిమెంటు పాలు ఎక్కించి నింపేద్దామన్నాడు. కదులుతున్న బీటలో ఏం నింపినా పక్కనే ఇంకోటి విచ్చుతుంది.

మీరు స్ట్రక్చరల్ ఇంజినీరును తీసుకెళ్లి పునాది పక్కన ఒక గుంత తీయించండి. బ్యాంకు పంపే వాల్యుయేషన్ మనిషి ఇంటి ధర కోసం వస్తాడు, పునాది కోసం కాదు. ఫుటింగు (పునాది అడుగు దిమ్మ) ఎంత లోతున ఉంది, కింద గ్రావెల్ తోలించారా, ప్లింత్ బీము (గోడల అడుగున చుట్టూ పోసే కాంక్రీటు దూలం) ఉందా అన్నవి గుంతలో తెలుస్తాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసం రూపొందించిన అండర్ రీమ్డ్ పైల్స్ వేసి కట్టిన ఇల్లయితే ధైర్యంగా ముందుకెళ్లవచ్చు. అడుగున ఉబ్బెత్తుగా ఉండే ఆ స్తంభాలు, తడి మారే పొరను దాటి కిందికి దిగుతాయి. మట్టి పరీక్ష కూడా తేలికే: పది గ్రాముల పొడి మట్టిని ఒక గాజు జాడీలో నీళ్లలో, అంతే మట్టిని మరో జాడీలో కిరోసిన్‌లో వేసి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కాబట్టి తేడా చూస్తే ఉబ్బే గుణం తెలిసిపోతుంది. గోడ పక్కన పెద్ద వేపో రావో ఉంటే ఇంజినీరుకు చూపించండి, వేసవిలో నేలను ఎండగట్టేది అవే.

చట్టం గురించి కూడా ఒక మాట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. మీకు బీటలు కళ్లెదుటే కనిపించాయి, కాబట్టి రేపు దాచాడని వాదించడం కష్టం. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టంలో నిర్మాణ లోపాలకు ఉన్న అయిదేళ్ల పూచీ బిల్డరు మీద ఉంటుంది. సొంతానికి కట్టుకుని అమ్ముకునే యజమానికి వర్తించదు. అందుకే బీటల సంగతి, ఇంజినీరు నివేదిక, దాన్నిబట్టి తగ్గించిన ధర అన్నీ అగ్రిమెంటులో రాయించండి. గుంత పూడ్చి చప్టా బాగు చేయించే ఖర్చు మీరే భరిస్తామనండి. అప్పటికీ తవ్వనివ్వనంటే ఆ ఇల్లు వదిలేయండి.