ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు చదివింది ఎందుకు నిలవదు? మా ఇంట్లో చూసింది

మీ బాబు మూడో తరగతి, పేజీ అంతా గడగడా చదివేసి "ఏముంది నాన్నా అందులో?" అంటే తెల్లమొహం వేస్తున్నాడు, అసలు అక్షరాలు మెదడుకు ఎక్కుతున్నాయా అని అడిగారు. మావాడికి ఏడేళ్ళప్పుడు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని తేలింది, ఇప్పుడు పదకొండు. మీ టెన్షన్ నాకు బాగా తెలుసు.

గడగడా చదువుతున్నాడంటే అక్షరాలు ఎక్కుతున్నట్టే. అక్షరాల వరుసను మాటగా గుర్తుపట్టే చోటు మెదడులో ఎడమవైపు, వెనక అడుగు భాగంలో ఉంటుంది. అక్కడి నుంచి ఆ మాట దాని శబ్దంతో, అర్థంతో ముడిపడాలి. ఇదంతా సెకను కూడా పట్టని పని. ఆ తర్వాత వాక్యం ముగిసేదాకా ముందు మాటలను పట్టి ఉంచుకోవాలి. దాన్నే వర్కింగ్ మెమరీ అంటారు. ధ్యాస నిలవని పిల్లల్లో చాలామందికి ఇక్కడే జారిపోతుంది. నోరు చదువుతూనే ఉంటుంది, మనసు ఇంకెక్కడో ఉంటుంది.

పైగా మన వాక్యంలో అసలు క్రియ చివర్లో వస్తుంది. "రామయ్య పొద్దున్నే లేచి, ఎడ్లకు మేత వేసి, నాగలి భుజాన పెట్టుకుని పొలానికి బయల్దేరాడు" అని ఉంటే, నాగలి దగ్గరికి వచ్చేసరికి మావాడికి రామయ్య గుర్తుండేవాడు కాదు. పొడుగు మాటల చివర్లు ఊహించి చదివేవాడు. "చెప్పలేకపోయింది" అని ఉంటే "చెప్పింది" అనేవాడు, అర్థమే తిరగబడేది. అది నిర్లక్ష్యం అనుకుని ఒకరోజు చెయ్యి చేసుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే ఏడుపొస్తుంది. దయచేసి మీరు ఆ పని చెయ్యకండి.

ఏడీహెచ్‌డీతో పాటు డిస్లెక్సియా (అక్షరాలు, మాటలు పోల్చుకుని చదవడంలోనే ఇబ్బంది) ఉండే పిల్లలూ తక్కువేం కాదు. ఒక పేజీ వాణ్ణి చదవమనండి, అంతే కష్టమున్న ఇంకో పేజీ మీరు చదివి వినిపించండి. వింటే అర్థమై, తను చదివితే కాకపోతే, వత్తులు, గుణింతాల దగ్గరే శక్తంతా అయిపోతోందేమో చూడాలి. విన్నా నిలవకపోతే అనుమానం ధ్యాస మీదికి వెళ్తుంది. ఇది ఇంట్లో అంచనా మాత్రమే. కళ్ళు, చెవులు చూపించి, సైకాలజిస్ట్ దగ్గర పూర్తి అసెస్‌మెంట్ చేయించండి. చదవడంలో వచ్చే ఇలాంటి ఇబ్బందిని 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది, కాబట్టి పరీక్షల్లో అదనపు సమయం అడగడానికి ఆ రిపోర్టు పనికొస్తుంది.

మందుల గురించీ భయపడుతున్నారు. డాక్టరు సలహాతో మావాడికి వాడుతున్నాం. కూర్చోగలుగుతున్నాడు. వత్తులు మాత్రం మేమే కూర్చోబెట్టి నేర్పాం.

మాకు బాగా పనికొచ్చింది ఒక పాత శుభలేఖ అట్ట. మధ్యలో ఒక లైను పట్టేంత కిటికీ కోసి పేజీ మీద పెడతాను, మిగతా లైన్లు కనబడవు. "లేచి" దగ్గర, "వేసి" దగ్గర పెన్సిల్‌తో చిన్న గీత పెడతాను. గీత దగ్గర ఆగి, ఇప్పుడు రామయ్య ఏం చేశాడో చెప్పాలి. మొదట్లో నాలుగు లైన్లకు ఇరవై నిమిషాలు పట్టేది. ఈ మధ్య సోషల్ పుస్తకంలో గీతలు తనే పెట్టుకుంటున్నాడు. పొడుగు పేరాలు మాత్రం ఇంకా నేనే చదివి వినిపిస్తున్నాను.