మోకా లేసు: కండెలతో అల్లిక

ప్రశ్న: ప్యూర్టోరికోలోని మోకా ఊరి లేసు మన నరసాపురం లేసు లాంటిదేనా? క్రోషియా వచ్చినవాళ్లు ఇంట్లో మొదలుపెట్టొచ్చా? (పాలకొల్లు పాఠకురాలు)

జవాబు: చూపుకు దగ్గరే, పని మాత్రం వేరు. నరసాపురంలో కొక్కెం సూదితో ఒకే దారాన్ని ఉచ్చులుగా అల్లుతారు. స్పెయిన్ నుంచి వచ్చి మోకాలో నిలిచిన ‘ముందీయో’ అనే కండెల లేసులో ఆ సూదే ఉండదు. చెక్కపెట్టెలో తిరిగే గట్టి గుండ్రటి దిండుకి నమూనా చిల్లుల అట్ట చుట్టి, సన్నటి చెక్క కండెల దారాలను ఒకదానిమీద ఒకటి దాటిస్తారు. క్రోషియా చేతికన్నా మగ్గం చూసిన కంటికే ఇది త్వరగా పట్టుబడుతుంది.

మొదట ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు పట్టీ వేయండి. 7 జతలు, అంటే 14 కండెలు చాలు. ఆరు జతలు పడుగు, ఒకటి పేక. పేక జత, దాని పక్క పడుగు జత కలిపి నాలుగు పోగులు. ఎడమ నుంచి లెక్కిస్తే 2వది 3వదాని మీదుగా వేస్తే దాటు. 2వది 1 మీదుగా, 4వది 3 మీదుగా వేస్తే మెలి. దాటు, మెలి, దాటు: ఇదొక కుట్టు. పేక జత ఆరింటినీ దాటి అంచుకొచ్చాక దానికి రెండు మెలికలు వేసి, గుండుసూది గుచ్చి వెనక్కి తిప్పండి. సూది తల బయటికి వాలాలి.

దారం లెక్కలోనే చాలామంది దెబ్బతింటారు. ఒక్కో అంచున 4 మిల్లీమీటర్లకో సూది ఉంటే, అడుగు పట్టీకి పేక ఒక అంచు నుంచి మరో అంచుకు దాదాపు 150 సార్లు దాటుతుంది. అందుకే దాని ఒక్కో కండెకు 3 మీటర్లు చుట్టండి. పడుగు కండెకు అర మీటరు సరిపోతుంది.

ప్రశ్న: అంచు ముడతలు పడుతోంది. దిండు చుట్టూ నమూనా కొసలు కలవడం లేదు. (హైదరాబాద్ పాఠకురాలు)

జవాబు: సూదులు తొందరపడి తీస్తే అంచు లోపలికి లాగేస్తుంది. వెనక కనీసం నాలుగైదు వేళ్ల మేర ఉంచి, ఆపైవే తీయండి. తుప్పు పట్టే సూదులు వద్దు, తెల్లదారంపై ఆ మరక ఓ పట్టాన పోదు.

ఆరంగుళాల అడ్డుకొలత దిండు చుట్టుకొలత 19 అంగుళాలకు కాస్త తక్కువ. అంగుళానికో పువ్వున్న నమూనాలో 19వ పువ్వుకు చోటు చాలదు. పువ్వును కోయకండి. అట్ట కింద పలచటి గుడ్డ ఒక పొర చుట్టి, టేపుతో కొలిచి చూడండి.